అప్‌డేట్ లెటర్ రాసే ముందు

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవులకు ఆశీస్సులు.

అమెరికా కాలేజీలు డిఫర్ చేశాయని మీలో కొందరు మొహాలు వేలాడేసుకుని తిరుగుతున్నారట. డిఫర్ అంటే సీటు లేదని కాదర్రా, నవంబరులో పెట్టిన మీ అప్లికేషన్‌ని మార్చిలోపు మిగతావాళ్లతో కలిపి మళ్లీ చూస్తామని. ఈలోగా మనం రాసేదే అప్‌డేట్ లెటర్. ముందు ఆ కాలేజీవాళ్లు ఏం చెప్పారో చదవండి. కొందరు పోర్టల్లో పెట్టమంటారు, ఎంఐటీ అయితే ఫిబ్రవరిలో అందుకోసం ఒక ఫారమే ఇస్తుంది, కొందరు అసలేమీ పంపొద్దంటారు. వద్దన్నచోటికి పంపితే పట్టుదల అనుకోరు, చెప్పిన మాట వినని రకం అనుకుంటారు.

అప్లికేషన్‌లో లేని కొత్త కబురుంటేనే రాయండి. మొన్న ఒకమ్మాయి డ్రాఫ్ట్ తెచ్చింది, పేజీన్నర, అందులో పేజీ అంతా ఆ యూనివర్సిటీ పొగడ్తే. వాళ్ల గొప్ప వాళ్లకి తెలీదా తల్లీ అన్నాను. చివర్లో ఎక్కడో ఒక ముక్క, ఒడియా మీడియంలో చదివే తన వీధి పిల్లలకి ఆదివారాలు తెలుగు అక్షరాలు దిద్దిస్తోందట. అదీ కబురంటే! దాన్ని పైకి తెచ్చి, ఎప్పట్నుంచి, ఎంతమందికి, ఇప్పుడు వాళ్లు ఏం చదవగలుగుతున్నారో రాయమన్నాను. పాతపట్నం వైపు కాస్త దూరం వెళ్తే ఆంధ్రా అనీ, ఇక్కడ ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకోటి అనీ ఒక్క వాక్యంలో చెప్పమన్నాను, ఎక్కడో అమెరికాలో కూర్చున్నాయనకి మన ఊరి సంగతి ఎలా తెలుస్తుంది? ఉత్తరం ముప్పావు పేజీకి దిగింది, చదువుతుంటే ఆ పిల్ల కనిపించింది.

మార్కుల గురించి టెన్షన్ వద్దు. మన ప్లస్ టూ ఫలితాలు మేలో గానీ రావు, అక్కడేమో చాలా కాలేజీల్లో మే 1కల్లా చేరతామో లేదో చెప్పెయ్యాలి. అందుకని ఇప్పటిదాకా స్కూల్లో పెట్టిన పరీక్షల మార్కులు, ఏడాది మధ్యలో స్కూలు కాలేజీలకి పంపే మిడ్ ఇయర్ రిపోర్టులో పంపమని మీ ప్రిన్సిపాల్‌గారిని అడగండి.

"సీటిస్తే తప్పకుండా చేరతాను" అన్న మాట మాత్రం ఒక్క కాలేజీకే రాయాలి, నాలుగు చోట్లకీ రాస్తే అది అబద్ధం. అదైనా ఫీజు లెక్క తేలాకే. ఇంట్లో అడక్కుండా మాటిచ్చేసి, తర్వాత మీ నాన్నల చేత పొలం అమ్మించకండి.

పైన పేరు, అప్లికేషన్ నంబరు తప్పనిసరి. నాన్నల చేత ఫోన్లు చేయించొద్దు. డ్రాఫ్టులు వాట్సాప్‌లో ఫోటో తీసి పంపితే నా కళ్లకి ఆనవు, ప్రింటు తీసి సాయంత్రం పూట పట్టుకురండి.

మీ మాస్టారు తాత