పుచ్చు గింజకు అడవి చుట్టాలు

సంక్రాంతికి ముందు బెంగళూరు కేఆర్ మార్కెట్లో అనపకాయలు గుట్టలు పోస్తారు. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లు తోలు పితికి తీసే పితికిపప్పు కోసం కిలోలకు కిలోలు మోసుకెళ్తారు. ఒలుస్తుంటే పురుగు కనబడితే ‘మందు కొట్టని కాయలే’ అని సంబరపడే ఇళ్లూ ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. ఎండబెట్టి డబ్బాలో పోసుకున్న గింజలు చిల్లులు పడి పిండి రాలినప్పుడు మాత్రం ఆ సంబరం ఉండదు. బూడిదో వేపాకో కలపడం పాత ఉపాయం.

ఆ కాపలా గింజలోనే ఉంటే? కొన్ని పప్పుధాన్యాల అడవి చుట్టాల్లో, అంటే సాగు చేయని రకాల్లో, ఉంది. మనమేమో పెద్ద గింజ, మెత్తగా ఉడికే గింజ, ఎండినా చిట్లని కాయ అంటూ తరతరాలుగా ఏరుకున్నాం. ఆ ఏరివేతలో చాలా గుణాలు జారిపోయాయి.

కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం సాగు బీన్స్‌ను వేల రకాల్లో వెతికింది. నిల్వ పురుగును గట్టిగా ఆపేది దొరకలేదు. 1980లలో మెక్సికో అడవి బీన్స్‌లో దొరికింది. గింజలోకి తొలుచుకుపోయిన పిల్లపురుగు ఎదగలేక చచ్చేది. అందుకు కారణమైన ప్రొటీన్‌కు అక్కడి ఆర్సేలియా పట్టణం పేరు మీద ఆర్సెలిన్ అన్నారు. అడవిదీ సాగుదీ ఒకే జాతి కాబట్టి సంకరం తేలికే. అయితే బీన్స్ గింజను తినే ముఖ్యమైన పురుగులు రెండు. ఆర్సెలిన్ ఒకదాన్ని ఆపింది, రెండోది పెద్దగా లెక్కచేయలేదు.

అదే దశకంలో జపాన్ పరిశోధకులు మడగాస్కర్ అడవి పెసరలో ఇలాంటి గుణమే చూశారు. అది ప్రధానంగా ఒకే జన్యువు పని.

మనకు దగ్గరి కథ కందిది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన కేంద్రంలో పరీక్షించిన ఒక అడవి కంది కాయల మీద నూగు ఎంత దట్టమంటే, పొలంలో కాయలు తొలిచే శనగపచ్చ పురుగు పిల్ల కాయను చేరడానికే తంటాలు పడుతుంది. సాగు కంది కాయ మీది జిగురేమో దాన్ని రమ్మని పిలుస్తుంది! కానీ అడవి చుట్టం ఒంటరిగా రాదు. చిన్న గింజ, అల్లుకునే తీగ, పగిలే కాయ వెంటబెట్టుకొస్తుంది. వాటిని వదిలించడానికి మళ్లీ మళ్లీ సాగు కందితోనే సంకరం చేయాలి, ఏళ్లు పడుతుంది.

అనపకు అడవి రూపాలు ఆఫ్రికాలో ఉన్నాయి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే) వాళ్ల హెబ్బాళ అవరె 3, 4 అనే అనప రకాలు చలికాలం కోసం ఆగకుండా ఏ కాలంలోనైనా కాస్తాయి. అంటే ఇక్కడ మొదటి పీట కాలానికి వేశారనిపిస్తుంది, పురుగుకు కాదు. రేపు అడవి చుట్టాన్ని తెచ్చి కలిపినా, కాయకు చేతికి అంటుకునే ఆ ఘాటైన వాసన, కన్నడంలో సొగడు అంటారే, అది ఉండాలి. మా అమ్మ కాయ నలిపి వాసన చూశాకే బేరం మొదలుపెడుతుంది.