తెల్ల ఆస్టర్‌ను గుర్తుపట్టడం: అపోహలు - వాస్తవాలు

ఉత్తర అమెరికా తూర్పు భాగంలో ఆగస్టు దాటిందంటే అడవి అంచుల్లో, బీడు పొలాల్లో తెల్ల ఆస్టర్లు, అంటే చామంతిని పోలిన చిన్న పూల అడవి మొక్కలు, విరగబూస్తాయి. మొక్కలు చూపించడానికి జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడల్లా నాకు వినిపించే మాటలివి.

అపోహ: పువ్వు ఫోటో ఒక్కటి ఉంటే చాలు, పేరు చెప్పేయొచ్చు.

వాస్తవం: చాలదు. తెల్ల రేకలు, పసుపు బొడ్డు చాలా జాతులకు ఉంటాయి. నేనైతే ముందు పువ్వును వెనక్కి తిప్పి చూస్తాను. రేకల అడుగున ఉండే పచ్చని పొరలు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదొకటి వరసలుగా పరుచుకుని ఉంటే అది ఆస్టర్ కావచ్చు. పొరలన్నీ దాదాపు ఒకే పొడవుండి, రేకలు బాగా సన్నగా, లెక్కపెట్టడానికి ఓపిక చాలనన్ని ఉంటే అది ఫ్లీబేన్ అనే వేరే మొక్క. అదీ అక్కడి సొంత మొక్కే, కాకపోతే చాలావరకు వేసవి మొదట్లోనే పూత మొదలుపెడుతుంది.

ఆ తర్వాత ఆకులు, నేల. చెట్ల నీడలో, కింది ఆకులు హృదయాకారంలో, అంచున పెద్ద పళ్లతో, పొడవాటి తొడిమతో ఉన్నాయా? కాండం గణుపు గణుపుకూ కాస్త వంకర తిరిగిందా? రేకలు ఐదు నుంచి పదిలోపేనా? అయితే వైట్ వుడ్ ఆస్టర్ అని ధైర్యంగా అనుకోవచ్చు. ఎండ తగిలే పొడి నేలలో, చిన్న చిన్న ఆకులు దట్టంగా ఉంటే హీత్ ఆస్టర్ వైపు చూడండి. దీన్ని పోలిన ఫ్రాస్ట్ ఆస్టర్‌లో ఆ పచ్చని పొరల కొనలు లోపలికి చుట్టుకుని మొనదేలి ఉంటాయి. ఇది తేల్చుకోవాలంటే జేబులో భూతద్దం ఉండాల్సిందే.

అపోహ: పసుపు బొడ్డుదీ, ఎర్ర బొడ్డుదీ వేర్వేరు మొక్కలు.

వాస్తవం: ఒకే కొమ్మ మీద రెండూ కనిపిస్తాయి. బొడ్డు అంటే చిన్న చిన్న గొట్టం పువ్వుల గుంపు. పూత ముదిరేకొద్దీ అవి పసుపు నుంచి ఎరుపు, ఊదా రంగుల్లోకి మారతాయి. కాలికో ఆస్టర్‌లో ఈ మార్పు చూడముచ్చటగా ఉంటుంది.

అపోహ: పాత పుస్తకంలో ఒక శాస్త్రీయ నామం, మొక్కల పేర్లు చెప్పే యాప్‌లో ఇంకొకటి ఉంటే ఏదో ఒకటి తప్పు.

వాస్తవం: 1994లో గై నెసమ్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడి ఆస్టర్లను సింఫియోట్రైకమ్, యూరీబియా వంటి ప్రజాతుల్లోకి (దగ్గరి జాతులన్నిటినీ కలిపిన గుంపుల్లోకి) మార్చారు. మొక్క అదే.

అపోహ: ఎంత కష్టపడితే అంత కచ్చితంగా జాతి పేరు దొరుకుతుంది.

వాస్తవం: సింఫియోట్రైకమ్ జాతులు కొన్ని ఒకదానితో ఒకటి సంకరమవుతాయి. అలాంటి మొక్క ఎదురైతే ప్రజాతి పేరు దగ్గరే ఆగి, కింది ఆకునూ పువ్వు అడుగునూ ఫోటో తీసి ఉంచండి.