కారు స్పీకర్లు: డబ్బా మీద వాట్లు చూసి డబ్బు పోగొట్టుకోకండి

ఒడిశాలోని రాయగడలో కార్లకు మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించడం నా పని. అటు గుణుపురం, మునిగుడ నుంచీ, ఇటు పార్వతీపురం నుంచీ బళ్లు వస్తాయి. స్పీకర్లు మార్చుకోవడానికి ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఇవి ఎన్ని వాట్లు?" చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: వాట్లు ఎక్కువుంటే సౌండ్ ఎక్కువ.

ఈ లైన్లో జనం డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఒక్క నమ్మకం వల్లే. స్పీకర్ సొంతంగా వాట్లు పుట్టించదు. డబ్బా మీది అంకె అది ఎంత తట్టుకుంటుందో చెబుతుంది గానీ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పదు. అందులోనూ పెద్దక్షరాల్లో ఉండే 300, 500 అన్నీ పీక్ లెక్కలు, అంటే క్షణం పాటు తట్టుకునేవి. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా మోగుతున్నా తట్టుకునే వాట్లు. అది అదే డబ్బా మీద ఏదో మూల చిన్నక్షరాల్లో 50 అనో 60 అనో ఉంటుంది.

వాట్లు ఇచ్చేది స్టీరియో. దాని మీద 50×4 అని, అంటే నాలుగు స్పీకర్లకు తలా 50 వాట్లని రాసి ఉంటుంది కదా, ఆ 50 ఎలా వచ్చిందో చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండిలో సుమారు 14.4 వోల్టులు ఉంటాయి. 14.4ను 14.4తో హెచ్చవేసి, స్పీకర్ నిరోధం 4 ఓమ్‌లతో భాగిస్తే దాదాపు 52 వస్తుంది. ఉన్న వోల్టేజీ అంతా ఆగకుండా స్పీకర్ మీద పడితే వచ్చే లెక్క అది. అలా పడితే పాట వినపడదు, గరగర వినపడుతుంది. పాట శుభ్రంగా రావాలంటే మామూలు స్టీరియో ఇచ్చేది ఒక్కో ఛానల్‌కు 15 నుంచి 20 వాట్లే. ఆ 20 వాట్లకు మీరు 500 వాట్ల స్పీకర్ తగిలిస్తే లాభమేంటి?

యాంప్లిఫైయర్ పెట్టుకోని వాళ్లు ముందు చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే అదే పవర్ ఇస్తే ఏ స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె. దాన్ని డెసిబెల్స్‌లో రాస్తారు. మూడు డెసిబెల్స్ తేడాకు రెట్టింపు వాట్లు కావాలి. 90 ఉన్న స్పీకర్ 20 వాట్లతో మోగినంత గట్టిగా 87 ఉన్నది మోగాలంటే 40 వాట్లు ఇవ్వాలి, అన్ని వాట్లు స్టీరియోలో లేవు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఈ సెన్సిటివిటీని కొన్ని కంపెనీలు 1 వాట్ దగ్గర కొలుస్తాయి, కొన్ని 2.83 వోల్టుల దగ్గర కొలుస్తాయి. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే 2 వాట్లు. కాబట్టి అలా కొలిచిన అంకెలోంచి 3 తీసేసి పోల్చండి.

మొన్న వానల్లో గుణుపురం లైన్లో బొలేరో తోలే కుర్రాడొకడు వచ్చాడు. విశాఖలో స్పీకర్లు కొని అక్కడే బిగించుకున్నాడట. "పాతవే నయం గురువుగారూ, ఇప్పుడు స్టీరియో కూడా మార్చాలా?" అని దిగులుగా అడిగాడు. స్టీరియోకు ఏమీ కాలేదు. డోర్ ప్యాడ్‌లు విప్పి, స్పీకర్ వైర్లకు పెన్సిల్ సెల్ ఆనించి చూశాను. సెల్ ప్లస్‌ను ప్లస్ వైరుకు తాకిస్తే కోన్, అంటే స్పీకర్ ముందు కదిలే గరాటు, బయటికి ఉబకాలి. కుడివైపుది ఉబికింది, ఎడమవైపుది లోపలికి పోయింది. అంటే ఒకదానికి వైర్లు తిరగబడ్డాయి. ఒకటి గాలిని నెడుతుంటే రెండోది లాగేస్తుంది, బాస్ చచ్చిపోతుంది. వైర్లు మార్చగానే బాస్ వచ్చింది. అయినా ఆ స్పీకర్ల సెన్సిటివిటీ తక్కువ, గట్టిగా మోగాలంటే చిన్న యాంప్ తప్పదు. దసరా సీజన్ అయ్యాక పెట్టించుకుంటానన్నాడు. కష్టపడి దాచుకున్న డబ్బు, చూస్తే బాధేసింది.

అపోహ: సైజు ఒకటే అయితే పట్టేస్తుంది.

6.5 అంగుళాలనేది వెడల్పు మాత్రమే. లోతు సంగతేంటి? మాగ్నెట్ పెద్దదైతే అద్దం దించినప్పుడు దానికి తగులుతుంది. అద్దం పూర్తిగా దించి, స్పీకర్ కూర్చునే చోటు నుంచి అద్దం దాకా కొలిచాకే కొనండి. జాగా తక్కువైతే మధ్యలో రింగ్ వేస్తారు. అది ప్లాస్టిక్‌దే అడగండి. ఎండీఎఫ్ (చెక్క పొడి అదిమి చేసిన బోర్డు) రింగ్ మన వానలకు ఉబ్బిపోతుంది. డోర్ లోపలికి నీళ్లు రావని అనుకోవద్దు, వస్తాయి.

అపోహ: స్పీకర్లు మారిస్తే వారంటీ పోతుంది.

మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి నేరుగా మా దగ్గరికే వచ్చేవాళ్లుంటారు. కొత్త బండి, నెలనెలా కిస్తీ, టెన్షన్ పడటంలో తప్పు లేదు. గొడవ వచ్చేది కంపెనీ వైరింగ్ కోసి అతుకులేస్తే. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్, అంటే కంపెనీ ప్లగ్‌లో నేరుగా గుచ్చుకునే కనెక్టర్, దొరుకుతుంది, దానితోనే బిగించమనండి. వైరు కోస్తానంటే బండి వెనక్కి తీసుకెళ్లిపోండి.

బ్యాటరీ దిగిపోతుందంటారు. ఇంజిన్ ఆపి గంటల తరబడి పాటలు పెడితే దిగుతుంది, నడిచే బండికి భయం లేదు. 2 ఓమ్‌ల స్పీకర్ గట్టిగా మోగుతుందంటారు. స్టీరియో మీద 4 ఓమ్‌లని ఉంటే దాని జోలికి పోవద్దు, వేడెక్కి ఆగిపోతుంది. కాంపొనెంట్ సెట్ (సన్న శబ్దాల ట్వీటర్ విడిగా వచ్చేది) ముందు డోర్లకు బాగుంటుంది, వెనక సీటుకు కోయాక్సియల్ (ట్వీటర్ స్పీకర్ మధ్యలోనే ఉండేది) చాలు.

అసలు నన్నడిగితే నాలుగు డోర్లకూ చవకవి వేసే బదులు ముందు రెండింటికే మంచివి వేయించి, మిగిలిన డబ్బుతో ఆ డోర్లకు డ్యాంపింగ్ షీట్, అంటే రేకు అదరకుండా అంటించే మందపాటి షీట్, వేయించండి. డోర్ లోపలి రేకుకు పెద్ద పెద్ద ఖాళీలు ఉంటాయి. స్పీకర్ వెనక వచ్చే సౌండ్ వాటిలోంచి బయటికొచ్చి ముందు సౌండ్‌ను తినేస్తుంది. ఆ షీట్‌తో అవి మూస్తే అదే స్పీకర్‌కు బాస్ పెరుగుతుంది. డోర్ అడుగున ఉండే సన్న రంధ్రాలను మాత్రం మూయనివ్వకండి. వాన నీళ్లు పోయే దారి అదే, మూసేస్తే నీళ్లు నిలిచి డోర్ తుప్పు పడుతుంది.