ఆరు బద్దల గాలం కర్ర

వెదురు బొంగును అడ్డంగా కోసి చూస్తే బయటి అంచు దగ్గర ముదురు చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. ఆ చుక్కలే నారల కట్టలు. బొంగుకు బలమిచ్చేది ముఖ్యంగా ఆ పైపొరే. అమెరికాలో ట్రౌట్ చేపల కోసం చేసిన పాతకాలపు గాలం కర్రల నేర్పంతా దాన్ని కాపాడుకోవడంలోనే ఉంది.

ఈకలతో కట్టిన ఎరను దూరం విసరాలంటే కర్ర సన్నగా, తేలిగ్గా ఉండాలి. వంగినా వెంటనే నిటారుగా లేవాలి. అందుకే బొంగును నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగం తీసేసి, పైభాగాన్ని త్రికోణపు బద్దలుగా చెక్కి అతికించారు. 1870ల్లో మెయిన్ రాష్ట్రంలో గాలం కర్రలు తయారుచేసే హైరమ్ లెనార్డ్ బద్దలు కోసే యంత్రం చేసుకున్నాక ఆరు బద్దల కర్ర బాగా వాడుకలోకి వచ్చింది. మొదట్లో వాడింది కలకత్తా రేవు నుంచి వెళ్లిన వెదురే. తర్వాత దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెరిగే టోన్కిన్ వెదురు దాని స్థానం తీసుకుంది. 1950లో చైనాతో వ్యాపారాన్ని అమెరికా నిషేధించడం, ఫైబర్‌గ్లాస్ రావడం ఈ కర్రలను గట్టి దెబ్బ తీశాయి.

ఒక్కో బద్దకు 60 డిగ్రీల కోణం. ఇనుప అచ్చులో పెట్టి లోపలి రెండు వైపులే చిత్రిక పడతారు. పైవైపు చెక్కితే అసలు బలమే పొట్టులో రాలిపోతుంది. కణుపులన్నీ ఒకేచోట పడకుండా బద్దలను జరిపి అమరుస్తారు. కొలతల్లో ఎంత పట్టుదలో చెప్పడానికి ఒక లెక్క చాలు: కర్ర బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మందం 10 శాతం పెరిగితే బిగువు దాదాపు 46 శాతం పెరుగుతుంది! అందుకే అంగుళంలో వెయ్యో వంతు కూడా లెక్కలోకి వస్తుంది.

పాత కర్ర దొరకగానే కొందరు ఇసుక కాగితంతో రుద్ది మెరిపించాలని చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి, నారలే అరిగిపోతాయి. పాత వాటిలో చాలావరకు జంతువుల చర్మం నుంచి తీసిన జిగురే ఉంటుంది. తేమ తగిలినా, వేడి తగిలినా అది మెత్తబడుతుంది. కాబట్టి తడి కర్రను గొట్టంలో మూసిపెట్టకూడదు, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. తుడిచి, గుడ్డసంచిలో వేసి నిలువుగా వేలాడదీయాలి. గోడకు చేరేస్తే ఆ వంపు అలాగే ఉండిపోతుంది. ముక్కలను కలిపే లోహపు తొడుగులు బిగుసుకుపోతే మెలిపెట్టకుండా తిన్నగా లాగండి.

మంచి కర్రతో చాలాసార్లు రెండు కొసముక్కలు ఇచ్చేవారు. వాటిని మార్చిమార్చి వాడితే రెండూ ఎక్కువకాలం మన్నుతాయి. కొనేటప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి పొట్టిగా ఉంటే, అది ఎప్పుడో విరిగితే కొసరింగును, అంటే దారం దూరే చివరి రింగును, మళ్లీ బిగించి ఉంటారు.