ప్యూర్టో అయోరా ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

గాలపాగోస్ దీవులకు పర్యాటకులను వెంటబెట్టుకుని తీసుకెళ్లడం నా వృత్తి. ఈక్వెడార్ తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రంలో ఉన్నాయి ఈ దీవులు. బాల్ట్రాలో విమానం దిగి, సన్నటి సముద్రపాయను పడవలో దాటి, సుమారు 40 కిలోమీటర్లు బస్సులో వెళ్తే శాంటా క్రూజ్ దీవిలోని రేవు పట్టణం ప్యూర్టో అయోరా వస్తుంది.

అపోహ: అక్కడి జంతువులు మచ్చికైనవి, నిమరవచ్చు.

నా బృందాలతో నేను ఎక్కువగా వాదించేది దీని గురించే. ఊళ్లోని చేపల బజారుకు వెళ్లి చూడండి. బల్ల మీద ఒకావిడ చేప పొట్ట చీలుస్తుంటుంది. ఆమె మోకాలికి ఆనుకుని ఒక సముద్ర సింహం మూతి పైకెత్తి ఎదురుచూస్తుంటుంది. చుట్టూ గూడబాతులు. నేలపట్టులో మనం బైనాక్యులర్‌తో చూసే గూడబాతుల చుట్టాలే ఇవి, కాకపోతే ఇక్కడ చేయి చాస్తే అందేంత దగ్గర. రేవు పక్కన బల్ల మీద మరో సముద్ర సింహం నిద్రపోతుంటుంది. మనుషులే నిలబడాలి.

ఇది చూసి చాలామంది మచ్చిక అనుకుంటారు, కాదు. ఈ దీవులు ఖండంతో ఎన్నడూ కలిసి లేవు, అగ్నిపర్వతాలుగా సముద్రంలోంచి పైకి లేచాయి. నేల మీద వేటాడే పెద్ద మృగాలు ఇక్కడికి చేరలేదు. మనిషిని చూసి పారిపోవాలన్న జంకు వీటికి అబ్బలేదు, అంతే. అందుకే జంతువులకు రెండు మీటర్ల దూరంలో ఉండాలన్న నియమం పాటించే బాధ్యత పూర్తిగా మనది. తాకకూడదు, తిండి పెట్టకూడదు, ఫ్లాష్ వాడకూడదు. సముద్ర సింహం తన పిల్లను అరుపుతో, వాసనతో గుర్తుపడుతుంది. ఆ పిల్లకు మన చేతి వాసన అంటించే హక్కు మనకెక్కడిది?

సముద్రపు ఇగువానా అనే పెద్ద బల్లి మీకేసి తుమ్మితే కోపం వచ్చిందనుకోకండి. సముద్రపు నాచు తిన్నప్పుడు ఒంట్లో చేరే ఉప్పును ముక్కులోంచి చిమ్మేస్తుంది. దాని నెత్తిన తెల్లగా పేరుకున్నది ఆ ఉప్పే.

అపోహ: భూమధ్యరేఖ కదా, ఏడాది పొడవునా ఎండలే.

దక్షిణం నుంచి వచ్చే చల్లని హంబోల్ట్ ప్రవాహం వల్ల జూన్ నుంచి నవంబరు దాకా మబ్బు, సన్నని తుంపర. నీళ్లు కూడా చల్లగానే ఉంటాయి. పెంగ్విన్లు ఈ దీవుల్లో బతుకుతున్నది ఆ చలువ వల్లే. పల్చటి జాకెట్ పెట్టుకోండి.

అపోహ: డార్విన్ నడిచిన నేల ఇదే.

ప్రధాన వీధికి, పరిశోధనా కేంద్రానికి ఆయన పేరుంది కానీ, 1835లో ఐదు వారాల్లో ఆయన దిగిన నాలుగు దీవుల్లో శాంటా క్రూజ్ లేదు.

అపోహ: సామాన్ల తనిఖీ అంతా నామమాత్రమే.

ఒకసారి మా బృందంలోని ఒక పెద్దావిడ సంచిలో బీర గింజల పొట్లం దొరికింది. అమెరికాలో కూతురి పెరట్లో కాసినవట, ఊళ్లో పాదు పెట్టుకుందామని దాచుకున్నారు. అధికారి తీసుకున్నాక ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు దీవిలోని ఎత్తు ప్రాంతాలకు వెళ్లినప్పుడు, మనుషులు తెచ్చి నాటిన జామ, బ్లాక్‌బెర్రీ అక్కడి స్కలీసియా అనే చెట్ల అడవిని ఎలా కమ్మేశాయో దగ్గరుండి చూపించాను. ఆవిడ చాలాసేపు ఆ ముళ్ల పొదల దగ్గరే నిలబడిపోయారు. పండ్లు, గింజలు, ఆకులు వద్దు. బూట్ల అడుగున మట్టి కూడా కడుక్కుని రండి.

అపోహ: ఖరీదైన ఓడ ప్రయాణమైతేనే ఏమైనా కనిపిస్తుంది.

ఊళ్లో గది తీసుకుని రోజువారీ పడవల్లో తిరగవచ్చు. రెండున్నర కిలోమీటర్లు నడిస్తే టోర్టుగా బే తెల్లని ఇసుక తీరం. గాలపాగోస్ జాతీయ ఉద్యానవన ప్రవేశ రుసుము మాత్రం ఎటూ తప్పదు. విదేశీయులకు 2024 ఆగస్టు నుంచి అది 200 డాలర్లు, నగదుగా దగ్గర ఉంచుకోండి.

అపోహ: పెద్ద తాబేళ్లు సంరక్షణ కేంద్రంలోనే ఉంటాయి.

ఎత్తు ప్రాంతాల పచ్చికలో స్వేచ్ఛగా తిరుగుతాయి. దారికి అడ్డం వస్తే బస్సే ఆగాలి. దగ్గరికి వెళ్లినవాళ్లకు గట్టిగా బుస వినిపిస్తుంది. అది కోపం కాదు. తల, కాళ్లు డిప్పలోకి లాక్కోవడానికి ఊపిరితిత్తుల్లోని గాలిని వదిలేస్తుంది. ఆ బుస విన్నారంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారు. వెనక్కి జరిగి నిలబడండి. కాసేపటికి మెడ నెమ్మదిగా బయటికి వస్తుంది, మళ్లీ గడ్డి తెంపే చప్పుడు మొదలవుతుంది.