ప్రకటనలో జీతం అంకె ఎటు పోయింది?

నిన్న విశాఖ మద్దిలపాలెం హాస్టల్లో మా మేనల్లుడు ఫోన్‌లో ఉద్యోగాలు వెతుకుతుంటే పక్కనే కూర్చున్నాను. వాడి వేలు ఆగేది జీతం రాసిన చోటే, 'నాట్ డిస్‌క్లోజ్డ్' అని కనపడితే కంపెనీ పేరు కూడా చదవకుండా పైకి తోసేస్తున్నాడు. అదేంట్రా అంటే, "సరిగ్గా ఇచ్చేవాళ్లయితే రాయడానికేం మామయ్యా?" అన్నాడు.

మా రోజుల్లో ఈ గొడవ లేదు. పోర్టు, షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు నోటిఫికేషన్ ఏదైనా పే స్కేల్ రాసి ఉండేది. 1976లో మొదలైన ప్రభుత్వ ఉద్యోగాల వారపత్రిక ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో ముందు వెతికేదీ అదే. 1997లో నౌకరీ డాట్ కామ్ వచ్చింది, ఉద్యోగాల వేట ఆన్‌లైన్‌కి మారింది, జీతం చూపించాలా దాచాలా అన్నది కంపెనీ ఇష్టమైపోయింది.

రాసినా అది సీటీసీయే, అంటే మనమీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. ఏడాదికి 3 లక్షలంటే నెలకు 25,000 అనుకుంటాం కదా, అందులో బేసిక్ 12,500 అయితే, ఆ 25,000లోంచి కంపెనీ కట్టే పీఎఫ్ 1,500, గ్రాట్యుటీ 600, మన పీఎఫ్ ఇంకో 1,500, వృత్తి పన్ను 200 పోగా చేతికొచ్చేది 21,200.

జీతం చూసి జనం ఎలా కదులుతారో పరిశోధకులూ తేల్చారు. 2011లో మెక్సికోలో ప్రభుత్వ ఉద్యోగాలకు కొన్ని ఊళ్లలో 3,750 పెసోలు, కొన్ని ఊళ్లలో 5,000 పెసోలు అని ప్రకటిస్తే, ఎక్కువ చెప్పిన చోటికి మరింత సమర్థులు వచ్చారు, పైగా వాళ్లలో సేవాభావం కూడా తక్కువేం లేదు. అమెరికాలో కెరీర్‌బిల్డర్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్‌లో ప్రకటనలు పరిశీలిస్తే ఐదింట ఒకదానిలోనే జీతం ఉంది. ఒకే హోదా ఉన్న ఉద్యోగాలను పోల్చినప్పుడు, జీతం ఎక్కువ రాసిన వాటికే దరఖాస్తులు ఎక్కువ.

అమెరికాలోనే కొలరాడో రాష్ట్రంలో 2021 నుంచి ప్రకటనలో జీతం చెప్పడం తప్పనిసరి, న్యూయార్క్ నగరంలో 2022 నవంబర్ నుంచి. ప్రైవేటు కంపెనీలకు మన దగ్గర అలాంటి చట్టం లేదు, రావాలి. ఎందుకంటే లోపల తెలిసినవాళ్లున్న కుర్రాడికి ఒక్క ఫోన్‌తో ఆ అంకె తెలిసిపోతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మావాడు మాత్రం రుషికొండలో ఒక కంపెనీకి మూడుసార్లు బస్సెక్కి వెళ్లి, మూడో రౌండ్ అయ్యాక నెలకు 14,000 అని విని తిరిగొచ్చాడు.