సముద్రం కంటే కింద పండే వరి

కార్తీకం వచ్చిందంటే నల్గొండ, మిర్యాలగూడ స్టేషన్ల నిండా ఇరుముడి కట్టిన స్వాములే. శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెంగన్నూరులో దిగి, పంబలో స్నానం చేసి కొండెక్కుతారు. పాలమూరు నుంచి బస్సులు మాట్లాడుకుని పోయేవాళ్లూ తక్కువేం కాదు. దర్శనం అయ్యాక చాలా గ్రూపులు కేరళలోనే ఉన్న అలెప్పీ వైపు తిరుగుతాయి. ఒక పూట బోటు, కొబ్బరి చెట్ల ముందు ఫొటోలు, తిరుగు ప్రయాణం. అప్పుడు పడవ కింద కదిలే నీళ్లలో పంబ నీళ్లు కూడా ఉంటాయని చాలామందికి తట్టదు. పశ్చిమ కనుమల్లో పుట్టిన ఆ నది 176 కిలోమీటర్లే ప్రయాణించి, అచ్చన్‌కోవిల్, మణిమల, మీనచిల్ నదుల్లాగే కుట్టనాడు పల్లంలోకి దిగి వేంబనాడ్ కాయల్ అనే తీరపు సరస్సులో కలుస్తుంది. 1,400 కిలోమీటర్ల కృష్ణ పక్కన బతికే మనకు అది చిన్న నదే. కానీ అది చేరే చోటు, దేశంలో నీటిని చూసి నేర్చుకోవడానికి ఉన్న గొప్ప చోట్లలో ఒకటి.

ఇంత నీరు సముద్రానికి ఆనుకుని ఎందుకు నిలిచింది? దాదాపు 20 వేల ఏళ్ల కింద, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువగా ఉండేది. మంచు కరిగేకొద్దీ సముద్రం పైకొచ్చి, ఆరేడు వేల ఏళ్ల కింద సుమారుగా ఇప్పటి మట్టానికి చేరింది. నదీలోయల దిగువ భాగాలు మునిగాయి. అలలు తీరం వెంబడి ఇసుకను ఈడ్చుకొచ్చి పొడవాటి మేటలు వేశాయి. ఆ మేటకూ అసలు నేలకూ మధ్య చిక్కిన నీరే కాయల్. మనకు తెలిసిన పులికాట్ కూడా ఈ జాతిదే. అలెప్పీ పట్నం అలాంటి ఇసుక పట్టీ మీదే ఉంది, ఒకవైపు అరేబియా సముద్రం, ఇంకోవైపు కాయల్. దాదాపు 96 కిలోమీటర్ల వేంబనాడ్ మన దేశంలో అతి పొడవైన సరస్సు. 2002లో దాని చుట్టూ ఉన్న చిత్తడి నేలలతో కలిపి, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు.

కాయల్‌కు సముద్రంలోకి ఎప్పుడూ తెరిచి ఉండే పెద్ద వాకిలి కొచ్చి దగ్గర ఉంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్లు ఆ దారినే లోపలికి వస్తాయి. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది కాబట్టి అవి బరువు. అందుకే మంచినీళ్లతో వెంటనే కలిసిపోకుండా అడుగున పాకుతూ ముందుకు వస్తాయి. పైన ముంచి రుచి చూస్తే చప్పగా, అడుగున ఉప్పగా ఉండే చోట్లు ఉంటాయి. వానాకాలంలో నదులు ఉరకలేస్తూ వచ్చి ఉప్పును కొచ్చి వైపు తోసేస్తాయి. వానలు తగ్గి, డిసెంబర్ దాటి నదులు సన్నబడ్డాక ఉప్పు మళ్లీ దక్షిణానికి వస్తుంది. కొచ్చిలో పోటుకూ ఆటుకూ తేడా ఒక మీటరు కూడా ఉండదు. కానీ నేల అంత చదునుగా ఉంటే ఆ కాస్త తేడా చాలు, ఉప్పు పదుల కిలోమీటర్లు లోపలికి రావడానికి.

ఆ ఉప్పు వచ్చే దారిలోనే వరి పండుతోంది. నాకు అలెప్పీలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. కుట్టనాడులో పొలాలు సముద్రమట్టం కంటే కింద ఉంటాయి, కొన్ని రెండు మీటర్లకు పైగా కింద. కాయల్‌లో కొంత భాగం చుట్టూ మట్టి, రాళ్లతో కట్ట కట్టి, లోపలి నీళ్లు తోడేసి, అడుగున తేలిన బురదలో విత్తనం చల్లుతారు. గంగాళంలో నీళ్ల మీద నిలిపిన ఖాళీ పళ్లెం లాంటివి ఆ పొలాలు, అంచు ఎక్కడ తెగినా లోపలంతా నీళ్లే. మన దగ్గర వెయ్యి అడుగులు బోరు దింపి నీళ్లు పైకి తెచ్చి వరి వేస్తాం. అక్కడ మోటార్లు పెట్టేది నీళ్లను పొలంలోంచి బయటికి తోలడానికి. వాళ్ల పాత పంపు పేరు ‘పెట్టి, పర’. చెక్క పెట్టెతో చేసిన ఆ యంత్రం ఎక్కువ ఎత్తుకు ఎత్తలేదు, కానీ తక్కువ ఎత్తుకు బోలెడు నీళ్లు విసిరేస్తుంది. అక్కడ కావలసిందీ అదే. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ సాగును ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

అక్కడి కొన్ని నేలల గుణం కూడా చిత్రమే. ‘కరి’ అని పిలిచే నల్ల నేలల్లో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఉంటుంది. నీళ్ల కింద ఉన్నన్నాళ్లు దానితో బాధ లేదు. ఎండి గాలి తగిలితే మాత్రం సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, వేళ్లు దెబ్బతింటాయి. అందుకే రైతులు సున్నం చల్లుతారు, పొలాన్ని అతిగా ఎండనివ్వరు. నీళ్లు ఎక్కువైతే మునక, ఆరిపోతే ఆమ్లం, ఆలస్యం చేస్తే ఉప్పు. ఆ మూడింటి మధ్య పంట తీయడం మామూలు నైపుణ్యం కాదు. చెలకల్లో వానకు ఎదురుచూసే మన రైతుకు ఉండే టెన్షన్ లాంటిదే వాళ్లదీ, కారణం తలకిందులు, అంతే.

ఉప్పును ఆపాలని సర్కారు కాయల్‌కు అడ్డంగా తణ్ణీర్‌ముక్కం దగ్గర కిలోమీటరుకు పైగా పొడవున షట్టర్ల కట్ట కట్టింది. 1950ల చివర మొదలైన పని 1970ల మధ్యకు గానీ వాడకంలోకి రాలేదు. డిసెంబర్ మధ్యలో షట్టర్లు దింపి మార్చిలో ఎత్తడం అసలు ఆలోచన. కోతలు ఆలస్యమైతే ఏప్రిల్, మే దాకా కూడా దింపే ఉంచుతారు. వరికి మేలు జరిగింది, ఆ మాట నిజం. కానీ ఉప్పు లోపలికి రావడం కూడా ఒక మేలు చేసేది. ఏడాదికోసారి అది గుర్రపుడెక్కను చంపేది. ఇప్పుడు కట్టకు దక్షిణాన గుర్రపుడెక్క కాలువలు మూసేంతగా పెరుగుతోంది. నీలకంఠ రొయ్య పెరిగేది మంచినీళ్లలో, గుడ్లు పెట్టి పిల్లలు బతికేది ఉప్పగిల్లిన నీళ్లలో. కిందికీ మీదికీ తిరిగే దాని దారికి షట్టర్లు అడ్డం పడ్డాయి. నల్ల ఆల్చిప్పలకూ కొంత ఉప్పు కావాలి. కాబట్టి షట్టర్లు ఎప్పుడు ఎత్తాలన్నది ఏటా రైతులకూ జాలర్లకూ మధ్య తగువు. నా ఉద్దేశంలో జాలర్ల వాదనకు ఇంకా ఎక్కువ విలువ ఇవ్వాలి. పంట కేలండర్‌ను అందరూ ఒకేసారి పాటిస్తే గేట్లు ముందే ఎత్తవచ్చు, రొయ్యకు మాత్రం వేరే కేలండర్ లేదు.

స్వాములు అలెప్పీ చేరేది సరిగ్గా నదులు సన్నబడి, షట్టర్లు దింపే రోజుల్లోనే. చూడాలనుకుంటే అన్నీ కళ్ల ముందే ఉంటాయి. అలెప్పీ నుంచి చంగనాచేరి పోయే రోడ్డు పొలాల మధ్య నుంచే పోతుంది. ఒకవైపు కాలువలో నీళ్లు, కట్ట అవతల అంతకంటే కింద పచ్చటి నారు. పడవలో కూర్చుంటే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, మనం పైన ఉంటాం, పొలం కింద ఉంటుంది. హౌస్‌బోటే ఎక్కాలని లేదు. జలరవాణా శాఖ బోట్లు ఊళ్ల జనంతో తిరుగుతుంటాయి, టికెట్ చాలా తక్కువ, బడిపిల్లలు, కూరగాయల సంచులు పక్కనే. హౌస్‌బోట్లు ఒకప్పుడు మేకులు లేకుండా పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన సరుకు పడవలు, వడ్లూ బియ్యం మోసేవి. వాటి అందం కాదనను. కానీ వందల బోట్ల నూనె, మురుగు చేరేది ఆ నీళ్లలోకే.

ఇన్ని నీళ్ల మధ్య ఉన్న ఊళ్లకు తాగునీటి కరువు ఉందంటే నల్గొండ వాళ్లు వెంటనే నమ్ముతారు. కాయల్ నీళ్లు తాగలేరు. అలెప్పీ పట్నంలో లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండేది, పిల్లల పళ్ల మీద మచ్చలు అక్కడి పరిశోధకులూ నమోదు చేశారు. మన దగ్గర ఫ్లోరైడ్ గ్రానైట్ రాళ్ల నుంచి వస్తుంది, వాళ్లకు లోతైన అవక్షేప పొరల నుంచి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం రెండు చోట్లా ఒకటే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన నడుములు చూసినవాళ్లకు ఆ పేరు వింటే గర్వం రాదు, బాధే వస్తుంది.

కొల్లాపూర్ దగ్గర సోమశిలలో మనకూ విశాలమైన నీళ్లున్నాయి, శ్రీశైలం డ్యాం ఆపిన కృష్ణ. నల్లమల కొండల మధ్య బోటు ప్రయాణం నాకు చాలా ఇష్టం. కానీ గట్టు చూడండి. అలెప్పీలో కొబ్బరి చెట్టు వేళ్లు నీళ్లను తాకుతుంటాయి. సోమశిలలో నీళ్లకూ చెట్లకూ మధ్య బోసి ఎర్రమట్టి పట్టీ కనిపిస్తుంది. కాయల్ మట్టం మామూలు రోజుల్లో పోటు, ఆటులతో కొద్దిగానే ఊగుతుంది కాబట్టి చెట్టు అంచుదాకా ధైర్యంగా నిలబడుతుంది. శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండి, కొన్ని ఏళ్లలో ఎండాకాలానికి 50 అడుగులకు పైగా దిగిపోతుంది. కొన్ని నెలలు మునిగి కొన్ని నెలలు ఎండే నేలలో ఏ చెట్టూ కుదురుకోలేదు. ఒండ్రు కథా అంతే. కుట్టనాడుకు నదులు తెచ్చిన ఒండ్రే పొలమైంది, ఇక్కడ అదే ఒండ్రు అడుగున పేరుకుని 308 టీఎంసీల జలాశయాన్ని సుమారు 215 టీఎంసీలకు తగ్గించింది. నిండు నీళ్లు చూడాలంటే మంచి వానలు పడిన ఏడు సెప్టెంబర్, అక్టోబర్‌లలో వెళ్లాలి. అవతలి ఒడ్డున మునిగి ఉండే సంగమేశ్వరాలయం చూడాలంటే మాత్రం నీళ్లు బాగా దిగిన ఎండాకాలంలోనే పోవాలి, బయటపడ్డ ఒండ్రు పొరలు కూడా అప్పుడే కనిపిస్తాయి.